బాల్ పైథాన్ కుబుసం విడిచింది, ఎడమ కన్ను మాత్రం తెల్లగానే ఉండిపోయింది

రాయగడ_నాగావళి:

అందరికీ నమస్కారమండి. మాది రాయగడ. ఆడ బాల్ పైథాన్ (పెంచుకునే ఆఫ్రికా కొండచిలువ రకం), మూడేళ్లది, బరువు 1,150 గ్రాములు. పరివేష్‌లో (కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు) నమోదు చేసిన కాగితం ఉంది, కాబట్టి ఆ చర్చ ఇక్కడొద్దు.

విషయం ఇదీ. కుబుసం ఎప్పుడూ మేజోడు తీసినట్టు ఒకే ముక్కగా వచ్చేది. ఈసారి ముక్కలు ముక్కలుగా ఊడింది. కుడి కన్ను నల్లగా నిగనిగలాడుతోంది. ఎడమ కంటి మీద తెల్లటి పొర ఉంది, పక్కనుంచి చూస్తే సన్నని ముడతలు కనిపిస్తున్నాయి. వాపు లేదు. నోరు తెరిచి ఊపిరి తీయడం, బుడగలు, చొంగ లాంటివేమీ లేవు. నిన్న ఎలుక పెడితే వాసన చూసి వదిలేసింది.

మూడడుగుల ప్లాస్టిక్ టబ్బు. ఒక చివర అడుగున హీట్ మ్యాట్, థర్మోస్టాట్ 32 డిగ్రీల మీద ఉంది. చల్లటి వైపు 25, 26. ముల్లు తిరిగే రకం తేమ మీటరు 60 శాతం చూపిస్తోంది. అడుగున న్యూస్ పేపరు.

పెట్ షాపులో సెల్లోటేపు అంటించి లాగేయమన్నారు. మెడికల్ షాపులో మనుషులకి వేసే యాంటీబయాటిక్ కంటి చుక్కలు ఇస్తామన్నారు. రెండిట్లో ఏటి చెయ్యాలి? అసలు ముట్టుకోకుండా వదిలెయ్యాలా? పాముల్ని చూసే పశువుల డాక్టర్లు మా వైపు ఎక్కడైనా ఉన్నారా?


గుణుపురం_వంశధార:

రెండూ వద్దు తమ్ముడూ. ముందు చూసి తేల్చుకోవాల్సినవి ఉన్నాయి, చెయ్యి పెట్టడం ఆ తర్వాత.

పాముకి మూసి తెరిచే రెప్పలు ఉండవు. గుడ్డులో ఉండగానే రెప్పలు కలిసిపోయి కంటి మీద అద్దంలాంటి పొలుసుగా మారతాయి. కుబుసం విడిచినప్పుడు ఒంటి పొలుసుల పైపొర ఎలా ఊడుతుందో ఈ కంటి పొలుసు పైపొర కూడా అలాగే ఊడాలి. పొలుసుకీ కనుగుడ్డుకీ మధ్య సన్నటి సందు, అందులో కన్నీరు. ఆ కన్నీరు ఒక గొట్టం గుండా నోటి పైభాగంలోకి దిగిపోతుంది. పాము కంటికి వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం ఈ పొలుసైనా అయి ఉంటుంది, ఈ గొట్టమైనా అయి ఉంటుంది.

ఇప్పుడు చూడాల్సింది. రెండు కళ్లూ ఒకేలా మసకబారి, ఒళ్లు కూడా వెలిసిపోయినట్టుంటే అది జబ్బు కాదు, కుబుసానికి సిద్ధమవుతోందని అర్థం. పాత పొరకీ కొత్త పొరకీ మధ్య ద్రవం చేరడం వల్ల కళ్లు నీలం కలిసిన పాలరంగులోకి తిరుగుతాయి. నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం అలాగే ఉండి మళ్లీ తేటపడతాయి. తేటపడ్డ మూడు నాలుగు రోజులకి కుబుసం వదులుతుంది. కొత్తగా పెంచేవాళ్లు కంగారు పడేది ఎక్కువగా ఈ దశలోనే. ఆ రోజుల్లో చూపు ఆనదు కాబట్టి సాధు పాము కూడా చెయ్యి దగ్గరికొస్తే కొడుతుంది. పట్టుకోకూడదు, మేత పెట్టకూడదు.

మీది కుబుసం అయిపోయాక, అదీ ఒక్క కంటికే. కుబుసం ముక్కలు పారేశారా? తల ముక్క దొరికితే నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, నల్లటి గుడ్డ మీద పరిచి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. రెండు కళ్ల దగ్గర గుండ్రటి స్పష్టమైన బిళ్లలు ఉండాలి. ఒకచోట బిళ్ల లేకుండా కన్నం ఉంటే ఆ పొర పాము కంటి మీదే ఉందన్నమాట. మామూలు కుబుసం లోపలిది బయటికి తిరగబడి వస్తుంది కాబట్టి కుడి ఎడమలు తారుమారు కాకుండా చూసుకోండి.

తర్వాత గదిలో లైటు తీసేసి చిన్న టార్చి పక్కనుంచి వెయ్యండి, ఎదురుగా వద్దు. పైతలం మెరుపు లేకుండా ముడతలు పడి, అంచు దగ్గర కాస్త లేచినట్టుంటే పాత పొర నిలిచిపోయినట్టు. పైతలం మెరుస్తూనే, తెలుపు లోపల సరిగ్గా కంటిపాప స్థానంలో ఉంటే అది శుక్లం. పైతలం నున్నగా ఉబ్బి, వెనకాల నీరు కానీ పసుపు చీము కానీ కనిపిస్తే అది వేరే కథ, ఇంటి వైద్యం పనికిరాదు. పొర స్పష్టంగానే ఉండి వేలితో నొక్కినట్టు సొట్ట పడితే ఒంట్లో నీరు తగ్గిందో, గాలిలో తేమ చాలలేదో అయి ఉంటుంది.


రాయగడ_నాగావళి:

తల ముక్క దొరికింది అన్నా. ఒకవైపు బిళ్ల ఉంది, రెండో వైపు చిరిగిన కన్నం. టార్చి వేస్తే మీరు చెప్పినట్టే పైతలం మసగ్గా ఉంది, వెనక మూల అంచు కొంచెం లేచింది. ఉబ్బు లేదు. తోక చివర కూడా ఒక చుట్టు పాత చర్మం అంటుకుని ఉంది.


గుణుపురం_వంశధార:

అయితే తేలిపోయింది. తోక చివర కూడా ఉండిపోయిందంటే తప్పు కంటిది కాదు, టబ్బులో గాలిది.

తోక సంగతి ముందు చూడండి, అదే తొందర. ఆ చుట్టు ఎండి బిగుసుకుంటే రక్తం ఆగి తోక చివర నల్లబడి రాలిపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డతో పట్టుకుని, తల నుంచి తోక వైపు మెల్లగా జార్చాలి.

కంటికి చెయ్యాల్సింది ఇది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, పాము చుట్టుకుంటే పక్కలు ఆనేంత చాలు. మూతకి, పక్కలకి కన్నాలు పెట్టండి. అడుగున నీళ్లు 28 నుంచి 30 డిగ్రీలు, లోతు పాము ఒంటి లావులో సగం. థర్మామీటరుతోనే కొలవండి, చేతికి గోరువెచ్చగా అనిపించేది పాముకి వేడి కావచ్చు. లోపల ఒక పాత తువ్వాలు తడిపి పడేస్తే పాము దానికి ఒరుసుకుంటుంది. 20 నుంచి 30 నిమిషాలు, రోజుకి ఒకసారి, మూడు నాలుగు రోజులు. వదిలేసి వేరే పని మీద వెళ్లకూడదు. ప్రతిసారీ తీశాక తడి గుడ్డని వదులుగా పట్టుకుని పామునే అందులోంచి పాకనివ్వండి. చాలాసార్లు పొర అక్కడే వదిలేస్తుంది.

దీంతో పాటు టబ్బులో తడి గూడు పెట్టండి. ఐస్‌క్రీం డబ్బాకి పాము పట్టేంత కన్నం కోసి, అంచులు కాల్చి నున్నగా చేసి, లోపల కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కానీ స్ఫాగ్నమ్ నాచు కానీ తడిపి గట్టిగా పిండి నింపాలి. పిడికిట్లో నొక్కితే చుక్క కారకూడదు. గూడు వేడి వైపుకీ చల్లటి వైపుకీ మధ్యలో ఉండాలి. నాచు నాలుగు రోజులకోసారి మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. టబ్బంతా తడిపేస్తే తేమ వస్తుంది కానీ పొట్ట పొలుసుల కింద పుండ్లు లేస్తాయి, ఆ తప్పు చెయ్యకండి.

మూడు నాలుగు రోజులకీ వదలకపోతే మెడికల్ షాపులో కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ఉన్న కన్నీటి జెల్ అడగండి, 1 శాతంది. అందులో ఇంకే మందూ కలిసి ఉండకూడదు. రోజుకి రెండు మూడుసార్లు ఒక్కో చుక్క. ఇది మందు కాదు, పొరని నానబెట్టడానికే. తర్వాత తడిపిన కాటన్ బడ్‌ని ముక్కు వైపు మూల నుంచి వెనక్కి, బరువు పెట్టకుండా ఒక్కసారి దొర్లించండి. కదిలితే కదిలింది. లేదంటే ఆపెయ్యండి. వచ్చే కుబుసం దాకా ఆగినా నష్టం లేదు, ఒకే పొర అయితే తర్వాతి కుబుసంతో రెండూ కలిసి ఊడతాయి.

ఇక మీ మీటరు. ముల్లు తిరిగే రకాన్ని నమ్మకండి. బాటిల్ మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేటట్టు కొన్ని చుక్కల నీళ్లు కలిపి, మీటరుతో పాటు జిప్ కవర్లో పెట్టి గాలి చొరకుండా మూసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్నకి 75 చూపించాలి. అటూ ఇటూ ఎంత తేడా ఉంటే అంత తీసివెయ్యడమో కలపడమో చెయ్యాలి. ముల్లు మీటర్లు చాలావరకు ఈ పరీక్షలోనే తప్పిపోతాయి.


జయపురం_చలి:

ఇంత తతంగం ఎందుకన్నా? మెత్తటి టేపు ముక్క అంటించి లాగితే పొర ఒక్క క్షణంలో వచ్చేస్తుంది. యూట్యూబ్‌లో ఎంతమంది చేస్తున్నారో చూడండి. కొబ్బరి నూనె రాసినా వస్తుంది.


బరంపురం_పశువైద్యం:

టేపుకి పాత పొర ఏదో, కింద ఉన్న అసలు పొలుసు ఏదో తెలియదు. అసలు పొలుసు ప్రాణమున్న కణజాలం, అందులో రక్తనాళాలున్నాయి. అంచు చిరిగిందా, కింద కనుగుడ్డు గాలికి ఎండిపోతుంది, సూక్ష్మజీవులు నేరుగా లోపలికి వెళతాయి, కన్ను మొత్తం కుళ్లిపోయే దశకి చేరుతుంది. వీడియోలో వచ్చిన పాము కన్ను నెల తర్వాత ఎలా ఉందో ఎవరూ చూపించరు. పట్టకారుకీ గోటికీ ఇదే మాట.

ఇంకో చిక్కు ఉంది. పొర నిలిచిపోయిందనుకుని లాగే కళ్లలో కొన్నిటికి అసలు నిలిచిన పొరే ఉండదు. సొట్ట పడ్డ పొలుసో, మచ్చ పడ్డ పొలుసో అయి ఉంటుంది. కుబుసం ముక్కలో కన్నం చూడనిదే నిలిచిన పొర అని ఎవరూ తీర్మానించకూడదు. రాయగడ వారు అది చూశారు, బాగుంది.

కొబ్బరి నూనె పొరని నానబెట్టదు, జిడ్డు మాత్రం చేస్తుంది. నీరు లోపలికి పోకుండా అడ్డు పడేది అదే. దుమ్ము, అడుగున వేసిన పొట్టు అంచుల్లో అతుక్కుంటాయి. సామిల్లు రంపపు పొట్టు, వరి ఊక వేసే అలవాటు మన వైపు ఉంది. ఆ మొనలు కంటి అంచు పొలుసుల్లో దిగడం వేరే తలనొప్పి.

యాంటీబయాటిక్ చుక్కల గురించి. పొలుసు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం పైన వేసిన మందు కంటిదాకా చేరదు. గాజు కిటికీకి బయట నీళ్లు చల్లితే గది తడవదు కదా. పైగా దుకాణాల్లో ఇచ్చే వాటిల్లో చాలావాటికి డెక్సామెతసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, చీము ఉన్న కంటికి అది ఎదురు తిరుగుతుంది. విటమిన్ ఎ చుక్కలు కూడా వద్దు. ఎలుకని మొత్తంగా మింగే జంతువుకి కాలేయంలోంచే కావాల్సినంత అందుతుంది.

ఇంట్లో చూసుకోదగింది పాత పొర, నీటి కొరత, ఈ రెండే. కన్ను ఉబ్బితే మా దగ్గరికి తేవాల్సిందే.

ఉబ్బు రెండు రకాలు. కన్నీటి గొట్టం మూసుకుపోతే నీరు దిగే దారి లేక పొలుసు వెనక నిండుతుంది, కన్ను బుడగలా ముందుకొస్తుంది, నీరు తేటగానే ఉంటుంది. చీము చేరితే తెల్లగానో పసుపుగానో మసకబారుతుంది. చీము ఎక్కువగా నోట్లోంచే వస్తుంది. చిగుళ్లు కుళ్లిన పాముకి అదే గొట్టం గుండా మలినం పైకెక్కుతుంది. అందుకే ఒక్క కన్ను ఉబ్బిన పాము వస్తే మొదట నోరు తెరిచి చూస్తాం: చిగుళ్ల మీద ఎర్రటి చుక్కలు, పెరుగు ముక్కల్లాంటి చీము, తీగలా సాగే చొంగ. మీరూ ఇంట్లో అది గమనించి చెబితే సగం పని అయినట్టే.

చికిత్స కోత. మత్తు ఇచ్చి, కంటి పొలుసు కింది భాగంలో చిన్న ముక్క కోసి కిటికీ తెరుస్తాం, సుమారు 30 డిగ్రీల కోణంలో. లోపలి చీము తీసి, పరీక్షకి పంపి, సెలైన్‌తో కడుగుతాం. ఆ కిటికీ ఉన్నన్నాళ్లే చుక్కల మందు పనిచేస్తుంది. పొలుసు తర్వాత మళ్లీ పెరుగుతుంది. అప్పటిదాకా టబ్బులో తెల్ల పేపరు తప్ప ఏమీ ఉండకూడదు, తేమ తగ్గకూడదు. నోరు బాగుచెయ్యకుండా కన్ను ఒక్కటే కోస్తే చీము మళ్లీ చేరుతుంది.

యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇంట్లో మొదలుపెట్టకండి. పశువులకి వాడే జెంటామైసిన్ పాము కిడ్నీలని పాడు చేస్తుంది, నీరు తగ్గిన పాముకి మరీ. ఎన్రోఫ్లాక్సాసిన్ గుచ్చిన చోట కండ చచ్చిపోవచ్చు. మోతాదు గ్రాముల్లో తూచిన బరువుని బట్టి, ఉంచిన ఉష్ణోగ్రతని బట్టి మారుతుంది.

ఎక్కడికి వెళ్లాలంటే: రాయగడ నుంచి బొబ్బిలి, విజయనగరం రైలు దారి ఉంది కాబట్టి గరివిడి పశువైద్య కళాశాల మీకు అనుకూలం. ఒడిశాలోనే అయితే భువనేశ్వర్ ఓయూఏటీ (ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం) పశువైద్య కళాశాల. ఎక్కడికైనా ముందే ఫోను చేసి సరీసృపాలని చూసేవాళ్లు ఆ రోజు ఉన్నారో లేదో కనుక్కుని బయల్దేరండి. పాముని నూలు దిండు గలేబులో వేసి, మూతి ముడేసి, కన్నాలున్న థర్మాకోల్ పెట్టెలో పెట్టండి. లోపల 26, 28 డిగ్రీలు. మేత పెట్టి నాలుగైదు రోజులు కాకముందు ప్రయాణం వద్దు, దారిలో కక్కేస్తుంది. ఊడిన కుబుసం ముక్కలు, టార్చి వెలుతురులో తీసిన ఫొటోలు, నమోదు కాగితం వెంట తీసుకెళ్లండి.


జయపురం_చలి:

సరే డాక్టరు గారూ, టేపు మాట వెనక్కి. కానీ తేమ మీటరు 60 చూపిస్తుంటే కుబుసం ముక్కలవడం ఏమిటో చెప్పండి. మీటరు తప్పు అని ఒక్కమాటలో తేల్చేశారు.


గుణుపురం_వంశధార:

మీటరు ఎక్కడ పెట్టారో కూడా చూడాలి. నీళ్ల గిన్నె పక్కన గోడకి అంటించిన మీటరు గిన్నె పక్కన తేమే చెబుతుంది.

చలికాలం లెక్క ఇలా ఉంటుంది. రాత్రి 15 డిగ్రీల గాలిలో 80 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలినే, నీళ్లేమీ కలపకుండా, హీట్ మ్యాట్ మీద 30 డిగ్రీలకి వేడి చేస్తే అదే తేమ 32 శాతానికి పడిపోతుంది. వేడి గాలి ఎక్కువ నీటిని పట్టగలదు, ఉన్న నీరు మాత్రం అంతే. కొరాపుట్, జయపురం వైపు బయట మంచు కురుస్తున్నా టబ్బు లోపల ఎండిపోవడానికి ఇదే కారణం. బల్బు వేసినవాళ్లకి ఇంకా ఘోరం.

బాల్ పైథాన్‌కి మామూలు రోజుల్లో తేమ 55 నుంచి 60 శాతం, కళ్లు మసకబారినప్పటి నుంచి 70 దగ్గర. జాలీ మూత ఉంటే మూడొంతులు మూసెయ్యండి. నీళ్ల గిన్నె వెడల్పుది పెట్టి వేడి వైపుకి కొంచెం జరపండి. న్యూస్ పేపరు తేమ పట్టదు, కోకోపీట్ రెండంగుళాల మందం వేస్తే పడుతుంది, పైపొర పొడిగా ఉంటుంది. కార్న్ స్నేక్ పెంచేవాళ్లు ఈ అంకెలు పట్టించుకోకండి, దానికి 40 నుంచి 60 చాలు.


సిరొంచ_ప్రాణహిత:

మా గడ్చిరోలి, చంద్రపూర్ వైపు చలికాలం కంటే వేసవే చెడ్డది. ఏప్రిల్, మేలో మధ్యాహ్నం బయటి గాలిలో తేమ ఉండదు. గదిలో ఎడారి కూలరు పెడితే తేమ పెరుగుతుంది, కానీ ఆ గాలి నేరుగా టబ్బుకి తగలకూడదు. ఏసీ గదిలో పెట్టినవాళ్లకే కంటి పొలుసు సొట్టలు ఎక్కువ.

సొట్ట మాత్రమే ఉంటే నీటి కొరత ఇంకెక్కడ కనిపిస్తుందో చూడండి. వీపు చర్మం చిటికెతో పట్టి వదిలితే మడత నిలబడుతుంది. మలంతో వచ్చే తెల్లటి యూరేట్లు సున్నం ముక్కల్లా గట్టిగా, పసుపు తిరిగి ఉంటాయి. చొంగ జిగురుగా సాగుతుంది. తేమ సరిచేసి తాగే నీళ్లు అందిస్తే సొట్ట మెల్లగా సర్దుకుంటుంది. కొన్ని బాల్ పైథాన్‌లకి కుబుసం ముందు కాసింత సొట్ట పడి మళ్లీ పోతుంది, దానికి ఏమీ చెయ్యక్కర్లేదు.

మైట్ల (పాము రక్తం తాగే చిన్న పురుగులు) మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. కుబుసం ముక్కలవడానికి తేమ తర్వాత కారణం అవే. కంటి పొలుసుకీ చుట్టూ ఉన్న పొలుసులకీ మధ్య గాడిలో, గడ్డం కింద సందులో దాక్కుంటాయి. రక్తం తాగిన ఆడది మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ, నల్లగా గసగసాల గింజంత. కంటి అంచు ఉబ్బి, కన్ను లోపలికి గుంజినట్టు కనిపిస్తే అనుమానించాలి. పాము నీళ్ల గిన్నెలో గంటలు గంటలు మునిగి కూర్చున్నా అంతే. తెల్ల టిష్యూ తడిపి ఒంటి మీద రాస్తే నల్లచుక్కలు అంటుతాయి. గిన్నె అడుగున చచ్చినవి తేలతాయి.

ఉన్నాయని తేలితే పాముతో పాటు టబ్బుకీ వైద్యం చెయ్యాలి. గుడ్లు పెట్టేది పాము మీద కాదు, టబ్బు మూలల్లో. అడుగున వేసింది, చెక్క గూళ్లు అన్నీ పారెయ్యండి. టబ్బుని మరిగే నీళ్లతో కడిగి ఎండలో పెట్టండి. తెల్ల పేపరు మీదే పాముని ఉంచి రోజూ మార్చండి. వెచ్చటి గదిలో గుడ్డు నుంచి పెద్దదయ్యేందుకు రెండు మూడు వారాలే, కాబట్టి నెల పైన ఓపిక పట్టాలి. మందు డాక్టరు రాసిందే. ఐవర్‌మెక్టిన్ (పశువులకి వాడే పురుగుల మందు) సీసా ఇంట్లో ఉంది కదా అని వేసెయ్యకండి. అదే గదిలో తాబేలు ఉంటే దానికి ఆ మందు ప్రాణాంతకం.


పర్లాకిమిడి_తోట:

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మా పెరట్లో జెర్రిపోతు ఒకటి తిరుగుతోంది, రెండు కళ్లూ తెల్లగా ఉన్నాయి, మనిషిని చూసినా తొందరగా కదలడం లేదు. పట్టి నాలుగు రోజులు పెట్టుకుని బాగుచేసి వదలొచ్చా?


బరంపురం_పశువైద్యం:

వద్దమ్మా. రెండు కళ్లూ తెల్లగా ఉంటే కుబుసానికి సిద్ధంగా ఉంది, అంతే. పిల్లల్నీ కుక్కనీ అటు పోనివ్వకండి, కొద్ది రోజుల్లో తనే సర్దుకుంటుంది. మన దేశపు పాముల్ని ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, సాయం చేద్దామనే ఉద్దేశంతో అయినా. ఒక్క కన్నే ఉబ్బి ఉన్నా, గాయం కనిపించినా అటవీ శాఖ వాళ్లకి చెప్పండి.

విదేశీ పాములకి లెక్క వేరు. ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. బాల్ పైథాన్ సైట్స్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది కాబట్టి పరివేష్‌లో నమోదు తప్పనిసరి.

సందర్భం వచ్చింది కాబట్టి ఒకటి. నాగుల చవితి రోజుల్లో బుట్టల్లో తిప్పే నాగుపాముల్లో కన్ను చెడినవి కనిపిస్తాయి. కోరలు పీకిన నోరు కుళ్లుతుంది, పైన చెప్పిన గొట్టం గుండానే అది కంటికెక్కుతుంది. పైన కుంకుమ, పసుపు. పాము పాలు తాగదు. అలాంటిది కనిపించినప్పుడు డబ్బులివ్వకుండా అటవీ శాఖకి చెప్పడమే దానికి చేసే మేలు.


రాయగడ_నాగావళి:

ఉప్పు పరీక్ష పెట్టాను. మీటరు 75కి బదులు 91 చూపించింది. అంటే టబ్బులో ఉన్నది 44 దగ్గరన్నమాట. డిజిటల్‌ది తెప్పిస్తున్నా. తోక చుట్టు తడిగుడ్డతో ఊడింది, కన్ను ఇంకా అలాగే ఉంది. ఇంకో రెండు అడుగుతాను. వచ్చే కుబుసంలోనూ ఊడకపోతే? ఈలోగా మేత పెట్టొచ్చా?


బరంపురం_పశువైద్యం:

మేత పెట్టండి. బాల్ పైథాన్ పెదవుల మీద వేడిని పట్టే గుంటలున్నాయి, నాలుకతో వాసన లాగుతుంది. శుక్లం వచ్చి రెండు కళ్లూ పోయిన పాము కూడా తింటుంది. వాపు, నొప్పి లేని శుక్లాన్ని అందుకే కదిలించం. ఎలుక మాత్రం ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, కరిగించి, వెచ్చబెట్టినదే పెట్టండి, 30 సెంటీమీటర్ల పట్టకారుతో, కుడి కన్ను వైపు నుంచి. బతికిన ఎలుకని వదిలి వెళితే అది పాము కన్ను కొరికిన సందర్భాలు తక్కువేమీ కాదు, కొరికిన కంటిలో చీము చేరడం మామూలే.

వచ్చే కుబుసానికి కళ్లు మసకబారగానే తేమ 70కి పెంచి, తడి గూడు సిద్ధంగా ఉంచండి. ఊడిన వెంటనే తల ముక్క మళ్లీ నానబెట్టి చూడండి. పొరలు రెండు వచ్చాయా, ఒకటే వచ్చిందా అన్నది వెలుతురుకి పెడితే తెలుస్తుంది, ఒక బిళ్ల మందంగా, పసుపుగా కనిపిస్తుంది. అప్పటికీ నిలిచిపోతే ఇక ఇంట్లో ప్రయత్నాలు చాలించి తీసుకురండి. పొర మీద పొర పేరుకున్న కంటిని సూక్ష్మదర్శిని కింద, మత్తులో తియ్యాలి. ప్రతిసారీ అదే కన్ను అయితే అంచున పాత మచ్చ ఉందేమో కూడా అక్కడే చూస్తారు.

ఈలోగా కన్ను ఉబ్బినా, పచ్చబడినా, నోటి చుట్టూ చొంగ కనిపించినా కుబుసం దాకా ఆగొద్దు. తల వెనక్కి విరిచి పైకి చూస్తూ ఉండిపోవడం, రెండు పాపల సైజు తేడాగా ఉండటం, వెల్లకిలా తిప్పితే తిరగలేకపోవడం లాంటివి కనిపిస్తే అవి కంటి జబ్బులు కావు, నాడులవి. పైథాన్‌లకీ బోవాలకీ వచ్చే వైరస్ రోగం ఒకటి ఇలాగే మొదలవుతుంది. అలాంటి పాముని మిగతావాటి నుంచి వెంటనే విడిగా పెట్టాలి, పట్టకార్లు, గిన్నెలు కూడా కలపకూడదు.


గుణుపురం_వంశధార:

ఒకటి మర్చిపోయాం. బాల్ పైథాన్‌లలో ఒళ్లంతా తెల్లగా పుట్టే ల్యూసిస్టిక్ రకాల్లో, ముఖ్యంగా సూపర్ లెస్సర్ అనే రకంలో, రెండు కళ్లూ పుట్టుకతోనే ఉబ్బెత్తుగా ఉండొచ్చు. అది చీము కాదు. ఈ చర్చలో ఉబ్బు మాట చదివి అలాంటి పాముల్ని కోయించుకోవడానికి బయల్దేరకండి. రెండు కళ్లూ ఒకే కొలతలో, ఏళ్ల తరబడి మారకుండా ఉంటే కదిలించక్కర్లేదు. కొనేటప్పుడే ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవచ్చు.